టియానా చేతిరాత

కళాశాల యాభై ఏళ్ల ప్రత్యేక సంచికలో ఒక వాక్యం ఉంది: "పుట్టుకతోనే చేతులు స్వాధీనంలో లేని టియానా వుకిచెవిచ్‌కు, తరగతిలో నోట్సు రాసిపెట్టే మనిషిని కళాశాల దయతో ఏర్పాటు చేసింది." ఊళ్లో అందరూ చెప్పుకునేది కూడా ఇదే. ఆ వాక్యంలో నిజం ఆమె పేరు, ఆమె చేతుల సంగతి మాత్రమే.

మొరావా నది ఒడ్డునున్న ఆ న్యాయ కళాశాలలో 1995 వసంతంలో జరిగింది వేరు. రోజూ పొద్దున ఎనిమిదింటికి టియానా చక్రాల కుర్చీని ఇద్దరు సహపాఠులు మెట్ల మీదుగా పైకి మోసేవారు. పక్కన కూర్చునే నాదెజ్దా ఆమె పక్కింటావిడ. జిల్లా కోర్టులో ముప్పై ఏళ్లు వాంగ్మూలాలు రాసి రిటైరైన మనిషి. ఆమెను ఎవరూ నియమించలేదు. సంచిలో తినడానికి బురెక్ అనే పొరల రొట్టె ముక్క, రెండు పెన్నులు వేసుకుని తనంతట తానే వచ్చేది.

నాదెజ్దా సొంత రాత చిన్నది, నిటారైనది. టియానా కోసం రాయడానికి కూర్చుంటే మాత్రం అదే చేతి నుంచి పెద్దపెద్ద అక్షరాలు ఎడమకు వాలి వచ్చేవి, వాటి తోకలు కింది గీతను దాటిపోయేవి. అది టియానా రాత. ఆమె జన్మలో ఒక్క వాక్యం రాసి ఎరగదు. అయినా ఈ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు. పరీక్షలు దగ్గరపడితే జిరాక్సు షాపులో అందరూ అడిగేది ఆ నోట్సే.

"నీ రాత కోడి కెలికినట్టుందే టియానా," అనేవాడు కుర్చీ మోసే మిలుటిన్.

"చదవలేకపోతే వెనక్కిచ్చెయ్. నువ్వు గురక పెడుతున్నప్పుడు రాసిందే అదంతా."

"నొప్పి నా వేళ్లకి, పేరు దీనికి!" అని నవ్వేది నాదెజ్దా.

"తిట్లు కూడా నాకే కదా పిన్నీ!"

జూన్‌లో ప్రతి ప్రొఫెసరూ నోట్సు చూసి, హాజరు, మార్కులు నమోదయ్యే విద్యార్థి పుస్తకంలో సంతకం పెట్టాలి. నోట్సు స్వహస్తంతో రాసినదై ఉండాలని నియమం. సంతకం పడక టియానాకు అప్పటికే ఒక ఏడాది పోయింది. రెండోసారి సంతకం పడకపోతే పేరు కొట్టేస్తారు.

ప్రొఫెసర్ స్తామెన్కోవిచ్ ఆమె నోట్సు పుస్తకం తెరవనైనా లేదు.

"ఇది ఈ పెద్దావిడ రాసింది. నీది కాదు."

"రాత నాదేనండీ."

"చేతులాడని పిల్లకు చేతిరాతా? చట్టం జాలి మీద నడవదమ్మాయ్."

"జాలి అడగలేదు సార్. సంతకం అడిగాను."

ఆ మాట ఆయనకు తగిలింది. మోసం కింద ఆమె పేరు తొలగించాలని డీన్‌కు అర్జీ పెట్టాడు. డీన్ కోర్టు నుంచి చేతిరాత నిపుణుణ్ణి పిలిపించాడు. తొమ్మిదిమంది పెద్దమనుషుల ముందు నాదెజ్దా తన సంత సరుకుల చీటీ రాసి ఇచ్చింది: చిన్న, నిటారు అక్షరాలు. తర్వాత వాళ్లు, ఏ సిగ్గూ లేకుండా, టియానా ముడుచుకున్న వేళ్ల మధ్య పెన్ను దూర్చారు. ఒక్క అక్షరానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆమె నుదుటి చెమట కాగితం మీద పడుతుంటే ఒకాయన గడియారం చూసుకున్నాడు.

నిపుణుడు భూతద్దంతో వంగి చూశాడు. "నోట్సు ఆ పెద్దావిడ రాత కాదు. ఈ అమ్మాయిది. అదే వాలు, అదే ఒత్తిడి. ఆ తోక చూడండి."

"అసాధ్యం!" అన్నాడు స్తామెన్కోవిచ్.

"నా పని రాత చూడటం, ప్రొఫెసర్ గారూ. సాధ్యాసాధ్యాలు మీరు చూసుకోండి."

స్తామెన్కోవిచ్ సంతకం పెట్టాడు. క్షమించమని అనలేదు. ఆ తొమ్మిదిమంది పెద్దమనుషులూ అనలేదు. నాదెజ్దా మరో రెండేళ్లు అదే బల్ల దగ్గర కూర్చుంది. ఆమెకు అనుమతి ఇచ్చినట్టు ఆ కళాశాల దస్త్రాల్లో ఒక్క కాగితం లేదు.

టియానా పట్టా మీద తేదీ 1997 అక్టోబరు 9. నోట్సు రాసిపెట్టడానికి కళాశాల తన తరఫున మొట్టమొదటి మనిషిని నియమించింది 2009 ఫిబ్రవరి 2న.