శనివారం, హోబర్ట్ స్టిడమ్

సోమవారం పొద్దున్నే నేవా చేసే మొదటి పని నల్లబల్ల నింపడం. తలుపంత బల్ల అది. మా దాణా కొట్టు గోడకి, వీధివైపు వేలాడుతూ ఉంటుంది. దాణా కొట్టు అంటున్నాను గానీ అక్కడ దాణా అమ్మడం మానేసి ముప్పై ఏళ్లు దాటింది. వాళ్ల నాన్న పోయాక నేవా బస్తాలన్నీ బయటికి నెట్టి, అరవై కుర్చీలు వేయించి, మూలన జానెడెత్తు వేదిక కట్టించి, పాటల కొట్టుగా మార్చింది. ఊరు మాత్రం పేరు మార్చలేదు. వాన పడితే ఇప్పటికీ లోపల తవుడు వాసనొస్తుంది.

బల్ల మీద రాబోయే కచేరీలు సుద్దముక్కతో రాస్తుంది నేవా. శుక్రవారం టర్లీ అక్కచెల్లెళ్లు, ఫిడేలూ బాంజో. ఆదివారం మధ్యాహ్నం టెక్సాస్ నుంచి కోరా ప్రొఫిట్, కొత్త పాటలు. పై శుక్రవారం బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన ముగ్గురు ముసలాళ్లు, భక్తి పాటలు. ఇలా రాసుకుంటూ పోతుంది గానీ శనివారం వరస మాత్రం ముట్టుకోదు. అది రాసే ఉంటుంది. "శనివారం, హోబర్ట్ స్టిడమ్." పోయిన వారం పదకొండో తేదీ అని ఉంటే ఈ వారం పద్దెనిమిది అని ఉంటుంది.

హోబర్ట్ నేవాకి సొంత అన్న. పోయి మూడేళ్లయింది.

మా కొట్టులో ఒక ఆచారం ఉంది. బల్లమీద పేరెక్కాక దాన్ని చెరిపే హక్కు ఆ పేరుగల మనిషిదే. పాటలు ముగించి, గిటారు పెట్టెలో పెట్టి, బయటికొచ్చి, తన చొక్కా చేతితో తనే తుడవాలి. గుడ్డ పనికిరాదు, తడి పనికిరాదు. నాష్‌విల్ నుంచి వెండి బొత్తాల కోటు వేసుకొచ్చిన పెద్దమనిషి కూడా మొహం చిట్లించుకుంటూనే తుడిచాడు. ఇంకో సంగతి, బల్లమీద పేరున్నవాడు రాకపోవడమన్నది ఎప్పుడూ జరగలేదు. వరదొచ్చిన ఏడు ఒకాయన బాంజో నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్లలో ఏరు దాటుకుని వచ్చి పాడాడు.

హోబర్ట్ తన పేరు తనే రాసుకునేవాడు. చోటు చూసుకోడు మహానుభావుడు. పెద్ద పెద్ద అక్షరాలతో మొదలెట్టి, చివరికొచ్చేసరికి జాగా చాలక కిందికి వంచేవాడు. అలా సోమవారం రాసుకెళ్లి, గురువారం పొద్దున బంగాళదుంపల మడిలో పార పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఒరిగిపోయాడు. శనివారం కచేరీ లేదు. తుడవాల్సినవాడు మట్టిలో ఉన్నాడు, ఇంకొకరు తుడవకూడదు. ఆదివారం చూస్తే తేదీ పై శనివారానికి మారి ఉంది.

దాని గురించి ఊళ్లో ఎవరూ చర్చ పెట్టలేదు. ఉత్తరాలు పంచే ఆయన చదివి, "ఓహో, ఈసారి ఇరవై అయిదన్నమాట" అనుకుంటూ పోయేవాడు. నేవా ఆ రోజు ఇంకెవరికీ ఇవ్వలేదు. శనివారం సాయంత్రం ఆరింటికి వీలున్నవాళ్లం వెళ్లి కూచునేవాళ్లం. ఏడింటిదాకా చూసి, నేవా వండిన బీన్సూ మొక్కజొన్న రొట్టే తిని ఇళ్లకి పోయేవాళ్లం. మొదట్లో అరవైమందీ వచ్చేవాళ్లు. రానురాను పదిహేనుమంది మిగిలారు.

ఒలీటా మాత్రం ఒక్క వారం తప్పలేదు. ఒలీటా హోబర్ట్ భార్య. ముప్పై ఒక్కేళ్లు ఆయన పక్కన ఎడమ కుర్చీలో కూచుని వంత పాడింది. ప్రతి శనివారం మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి హాంగరుకి తగిలించి తెచ్చేది. గిటారు శ్రుతి చేసి కుడి కుర్చీలో ఆనించేది. తను ఎడమ కుర్చీలో కూచుని తలుపు వంక చూస్తూ ఉండేది. ఏడు కొట్టగానే చొక్కా మడతపెట్టుకుని, "వచ్చే వారమేమోలే" అని లేచేది.

బల్లమీద ఆవిడ పేరు ఒక్కసారి కూడా ఎక్కలేదు. పెళ్లైన కొత్తలో ఎప్పుడో అడిగింది, "నా పేరూ రాయొచ్చుగా" అని. హోబర్ట్ పగలబడి నవ్వి, "రెండు పేర్లు పట్టవే, బల్ల చిన్నది" అన్నాడు. పక్కనే సుద్ద డబ్బా పట్టుకుని నించున్న నేవా కూడా నవ్వింది. ఒలీటా మళ్లీ అడగలేదు.

మొన్న మార్చిలో ఒలీటాకి గొంతులో గడ్డ తేలింది. లెక్సింగ్టన్ పట్నం డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. తీసేస్తే మాట పోతుంది, మనిషి దక్కుతుంది. తియ్యకపోతే యాపిల్స్ కోతకొచ్చేదాకా కూడా ఉండదు. ఆవిడ అంతా విని, "శనివారం అయ్యాక చూద్దాంలెండి" అని వచ్చేసింది. ఏప్రిల్ పోయింది, మే పోయింది, జూన్ కూడా పోయింది.

జూలైలో ఒకనాడు నేవా ఆవిడ వంటింట్లో కూచుంది. ఇద్దరూ చలికాలానికి బీన్సుకాయలు ఎండబెట్టడానికి దారానికి గుచ్చుతున్నారు.

"వదినా, డాక్టరు మళ్లీ ఫోన్ చేశాడు."

"నీకెందుకు చేస్తాడు?"

"నువ్వు ఎత్తవు కాబట్టి. వచ్చే మంగళవారం ఆపరేషన్ బల్ల ఖాళీగా ఉందట. అది దాటితే ఇంక తన చేతిలో లేదన్నాడు."

"శనివారం అయ్యాక వెళ్తానని చెప్పాగా."

"ఏ శనివారం వదినా? నూట యాభై శనివారాలైపోయాయి."

"బల్లమీద ఉన్న శనివారం."

"మతుండే మాట్లాడుతున్నావా? వాడు రాడు. నేనూ నువ్వూ కలిసే కదా పూడ్చిపెట్టాం."

ఒలీటా సూది ఆపింది. "నీ బల్ల ఎప్పుడన్నా అబద్ధమాడిందా? ఆడిందని చెప్పు, ఇప్పుడే వెళ్లి కోయించుకుంటా."

నేవా ఇంకో కాయ గుచ్చింది.

"ఆయనొచ్చేసరికి నాకు గొంతు లేకపోతే వంత ఎవరు పాడతారే? నువ్వా? నువ్వు నోరు తెరిస్తే మూడూళ్ల కుక్కలు లేస్తాయి."

"లేస్తే లేవనీ. నువ్వు బతికుంటావు కదా!"

"గొంతు లేని వంతదాన్ని బతికి ఏం చెయ్యను, చెప్పు?" అని మళ్లీ కాయ అందుకుంది.

ఆ సాయంత్రం నేవా ముప్పై ఏళ్ల ఆచారం తుంగలో తొక్కింది. బకెట్టూ సబ్బూ తీసుకెళ్లి అన్న పేరు బరబరా తోమేసింది. తెల్లారేసరికి పేరు మళ్లీ ఉంది, ఇంకా తడిగా. బల్ల తిరగేసి తగిలిస్తే పేరు కూడా ఈవైపుకి వచ్చి కూచుంది. ఉత్తరాల ఆయన చూసి, "అమ్మా నేవా, అది నీవల్లయ్యే పని కాదు" అని మెల్లిగా చెప్పి వెళ్లాడు.

శుక్రవారం నేవా వెళ్లేసరికి ఒలీటా ఇస్త్రీ బల్ల ముందు నించుని దగ్గుతోంది. చేతిగుడ్డ ఎర్రగా ఉంది. దాన్ని ఏప్రన్ జేబులో కుక్కుతుంటే నేవా చూసేసింది. చూసి అక్కడే నేలమీద చతికిలబడి, పసిపిల్లలా ఏడ్చింది.

"ఆ రోజు నేను కూడా నవ్వాను వదినా. బల్ల చిన్నదని వాడంటే నేనూ నవ్వాను. తలుపంత బల్ల! నీ పేరు పట్టదా? నాకు తెలీదా?"

"ఇప్పుడదంతా ఎందుకే."

"ఎందుకంటే వాడి కచేరీ నువ్వు పాడాలి. రేపే పాడాలి. వాడి చొక్కా వేసుకుని పాడి, దాని చేతితో నువ్వే తుడువు. నా గుడ్డకి పోలేదు గానీ నీ చేతికి పోతుంది."

"నాకు ఆయన పాడే పాట రాదు. వంతే వచ్చు."

"వంతే పాడు."

ఒలీటా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "తుడిస్తే ఇంక రాడు" అంది.

నేవా వదిన పాదం మీద చెయ్యి వేసి కూచుంది.

"సరే, లే. కాలరు ముడతపడింది, నీళ్లు చిలకరించు" అంది ఒలీటా.

మర్నాడు అయిదున్నరకే అరవై కుర్చీలూ నిండిపోయాయి. మేం గోడలకి ఆనుకుని నించున్నాం. మా కొట్టులో పాట జరుగుతుంటే మాట ఉండదు, దగ్గు ఉండదు, కుర్చీ కిర్రుమనదు. తెలీక కూనిరాగం తీసినవాణ్ని నేవా భుజం పట్టుకుని బయట దింపొచ్చిన రోజులున్నాయి. ఒలీటా వచ్చింది. హోబర్ట్ నీలం చొక్కా, చేతులు వేళ్ల దాకా దిగి ఉన్నాయి. గిటారు కుడి కుర్చీలో పెట్టి తను ఎడమ కుర్చీలో కూచుంది.

పద్నాలుగు పాటలు పాడింది, ఒక్కదాంట్లోనూ హోబర్ట్ పాడే భాగం లేదు. హోబర్ట్ ఒక్కడే పాడే చరణాల దగ్గర నోరు మూసుకుని, మోకాలి మీద వేలితో లెక్కపెట్టుకుంటూ ఆగింది. ఆ చరణమంతా మౌనంగా గడిచేది. తన చోటు రాగానే పైస్థాయిలో అందుకునేది. మా అందరికీ ఆ పాటలు కంఠతా వచ్చు. పెదాలు కదుపుతున్నాం గానీ ఒక్కరూ గొంతు విప్పలేదు. ఆవిడ వంత ఎంత గొప్పదో మాకు ఆ రోజే తెలిసింది. ముప్పై ఒక్కేళ్లు విని కూడా దాన్ని విడిగా వినలేదు మేం. సిగ్గేసింది. తొమ్మిదో పాటలో గొంతు చీలింది. మంచినీళ్లు తాగి మళ్లీ ఎత్తుకుంది.

ఆఖరిది ఏటి అవతల ఉన్న ఇంటి పాట. అందులో ఒకచోట వంతే ముందు పిలవాలి, అసలు గొంతు జవాబివ్వాలి. ఒలీటా పిలిచింది. పిలిచి, కుడి కుర్చీ వంక తిరిగింది. లెక్కపెట్టడం కూడా మానేసింది. ఊరికే ఎదురుచూసింది. అరవైమందీ తలుపు వంక చూశారు. నేనూ చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. వస్తాడనే అనుకున్నాను. గిటారు తీగ కూడా కదల్లేదు. ఎవరూ రాలేదు.

ఒలీటా ఆఖరి వరస పాడేసి లేచింది.

బయట ఇంకా వెలుగు ఉంది. మగవాళ్లు టోపీలు తీసి నించున్నారు. ఆవిడ చొక్కా చేతిని వేళ్ల మీదికి లాక్కుని తుడిచింది. శనివారం పోయింది, తేదీ పోయింది, స్టిడమ్ పోయింది. హోబర్ట్ అనే పేరు దగ్గర చెయ్యి ఆగింది. "పోయిరా" అని మెల్లిగా అని, అది కూడా తుడిచేసింది. చొక్కా చెయ్యి తెల్లగా అయిపోయింది. నేవా ఆవిణ్ని పట్టుకుని కారెక్కించింది.

పేరు మళ్లీ రాలేదు. మంగళవారం ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది.

ఆగస్టు చివర్లో ఇంటికొచ్చింది ఒలీటా, మెడకి రుమాలు చుట్టుకుని, మెళ్లో దారానికి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు వేలాడేసుకుని. గిటారు మంచం కిందికి తోసేసింది. వంటింటి కిటికీ తెర తియ్యడం మానేసింది. నేవా వెళ్లి, "శనివారం కొట్టుకి రా వదినా, ఊరికే కూచుందువుగాని" అంటే పుస్తకంలో ఇలా రాసింది: "నాకక్కడ పనేముంది. పాట వినాలన్నా ఏడుపొస్తోంది. నన్నొదిలెయ్." రొట్టె పెడితే తినేది కాదు. గొంతు పోతే పోయింది, మనిషి కూడా పోయేలా ఉందని నేవా భయపడింది.

సెప్టెంబరు మొదటి సోమవారం నేవా సుద్దముక్క పట్టుకుని బల్ల దగ్గరికెళ్లి, చూసి, ఆ ముక్క చేతిలో ఉండగానే కారెక్కింది. పావుగంటలో ఒలీటాని ఇంటి చెప్పులతోటే తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టింది.

టర్లీ అక్కచెల్లెళ్లూ భక్తి పాటల ముసలాళ్లూ ఒక మూలకి ఒదిగిపోయి ఉన్నారు. మిగతా బల్లంతా ఒకటే వరస. "శనివారం, ఒలీటా స్టిడమ్." పెద్ద పెద్ద అక్షరాలు. చివరికొచ్చేసరికి జాగా చాలక కిందికి వంగాయి.

ఒలీటా ఆ వంపులమీద వేలు పెట్టి, ముట్టీ ముట్టనట్టు చివరిదాకా లాగింది. ఏమీ రాయకుండా ఇంటికెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం వంటింటి తెర తీసి ఉండడం ఉత్తరాల ఆయన చూశాడు.

శనివారం ఆరింటికి వచ్చింది, తన సొంత గౌను ఇస్త్రీ చేసుకుని. ఎడమ కుర్చీ దాటుకుని వెళ్లి కుడి కుర్చీలో కూచుంది. ఒళ్లో గిటారు పెట్టుకుంది. మేం అరవైమందిమీ ఏడింటిదాకా కదలకుండా కూచున్నాం. ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. ఏడు కొట్టాక ఆవిడ లేచి బయటికొచ్చి బల్ల ముందు నించుంది. తుడుస్తుందేమోనని అందరం చూస్తున్నాం. చెయ్యి ఎత్తలేదు. మెళ్లో పుస్తకం తీసి ఏదో రాసి, నేవా మొహం దగ్గర పెట్టింది.

"పట్టిందిగా" అని ఉంది.