ఒకటో నంబరు బిళ్ళ

ఉదయం పదీ పదికి, నేల ఊడుస్తుండగా, రెస్టారెంటులో ఏడో బల్ల కింద ఖాళీ కూల్‌డ్రింక్ సీసా దొరికింది. బయట కొన్నది. ఈ వారంలో అది మూడోది.

ఆ సమయానికి గేటు మనిషి తన మంచినీళ్ళ సీసా మెడకు బిళ్ళ కడుతున్నాడు. బయటి పానీయాలు లోపలికి తేకూడదని తలుపు మీద బోర్డు ఉంది. దాన్ని అమలు చేయడమే అతని పని. ఎవరి దగ్గరైనా సీసా కనిపిస్తే దానికి దారంతో నంబరు బిళ్ళ కట్టి అరలో పెడతాడు. జత బిళ్ళ మనిషి చేతికిస్తాడు. వెళ్ళేటప్పుడు అది చూపించి సీసా తీసుకోవాలి. మరిచిపోయినవాటిని సాయంత్రం యజమాని బావమరిది తొట్టిలో పారబోయాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. రూలు తనకూ రూలేనని అతను ఒకటో నంబరు బిళ్ళ తన సీసాకే కట్టుకుంటాడు. దాహమేస్తే వీధిలో నిలబడి తాగి వస్తాడు.

ఇంట్లోనూ అతని చెయ్యి ఊరుకోదు. "కూరగాయల సంచి కూడా తడిమి చూస్తాడమ్మా, నేనేదో దొంగసరుకు తెచ్చినట్టు" అని భార్య పక్కింటావిడతో చెప్పి నవ్వుతుంది.

యజమాని సీసాను అతని ముందు పెట్టాడు.

"ఒకటంటే ఏమరపాటు అనుకున్నా బాబాయ్. మూడోది కూడానా? ఎవరో నీ చెయ్యి తడుపుతున్నారు."

"లేదు సార్. నన్ను దాటి ఒక్కటీ పోలేదు."

"మరి దానికి కాళ్ళొచ్చాయా? ఇంకొకటి దొరికితే టోపీ ఇచ్చేసి వెళ్ళిపో. ముందు దీన్ని అవతల పారెయ్."

గల్లా దగ్గర కూర్చున్న బావమరిది నవ్వాడు. "పోలీసు బాబాయ్‌కి చత్వారం వచ్చినట్టుంది బావా."

తలుపులు తెరిచాక అతను ఎవరినీ నమ్మలేదు. గొడుగులు విప్పించాడు. ఒకామె చేతిసంచిలో పసిపిల్ల బట్టలు మడత విప్పి చూశాడు. ఒంటిగంటకు రిటైరైన నర్సు ఫ్లాస్కుతో వచ్చింది. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమె వేణ్ణీళ్ళు తప్ప తాగదు. నాలుగేళ్ళుగా రోజూ వస్తుంది, ఏడో బల్ల దగ్గరే కూర్చుంటుంది. పద్దెనిమిదేళ్ళలో అతను చూసీ చూడనట్టు వదిలేసింది ఆ ఒక్క ఫ్లాస్కునే. దాని చాటున ఇంకేం పోతోందో అని ఇవాళ అనుకున్నాడు.

"సంచి బల్ల మీద పెట్టండమ్మా."

వెనక నలుగురు నిలబడి చూస్తున్నారు. ఆమె సంచి బోర్లించింది. రుమాలు, మాత్రలు, ఇంటి తాళంచెవి పడ్డాయి. ఫ్లాస్కు మూత తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడన్నయ్యా. బాగా చూడు. నాలుగేళ్ళ తర్వాత దొంగనయ్యాను."

అందులో ఉన్నవి వేణ్ణీళ్ళే.

రెండింటికి జనం పలచబడ్డాక అతను ఆ ఖాళీ సీసా పారేయడానికి వెళ్ళాడు. మూత కింద వేలికి దారం తగిలింది. బిళ్ళ తెంపేసినా ముడి మిగిలింది. అది బస్తాల మూతికి వేసే ముడి. గోదాములో పనిచేసినప్పుడు నేర్చుకున్నాడు. ఇక్కడ అలా ముడివేసేది అతనొక్కడే.

అతను సీసాను యజమాని దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇది నేను పట్టుకున్నదే సార్. సాయంత్రం పారబోయాల్సింది మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది."

బావమరిది గల్లాపెట్టె మూసి తెరిచాడు. యజమాని ముడి చూశాడు, అతన్ని చూశాడు.

"దారం ముక్క పట్టుకొచ్చి మా ఇంటివాణ్ణి దొంగని చేస్తావా?"

"నేనెవరి పేరూ చెప్పలేదు సార్."

"రేపట్నుంచి రావద్దు."

అతను టోపీ తీసి గల్లాబల్ల మీద పెట్టాడు. ఏడో బల్ల దగ్గర ఆగాడు.

"తప్పు నాదమ్మా."

నర్సు తల ఎత్తలేదు. ఫ్లాస్కును తన వైపుకు జరుపుకుంది.

రెండూ ఇరవైకి అతను బయటికి వెళ్ళాడు. జత బిళ్ళ అతని చొక్కా జేబులోనే ఉండిపోయింది.

సాయంత్రం ఆరింటికి అరలో ఒక్క సీసా ఉంది. అందులో సగం నీళ్ళున్నాయి. మెడకు ఒకటో నంబరు బిళ్ళ ఉంది.