హజరత్తయ్యకొక బ్యాటరీ

వాకాడుకు అవతల, స్వర్ణముఖి సముద్రంలో కలిసేచోట కట్ట పోస్తున్న రోజులవి. పొద్దున్నే కూలీలు తట్టలు దించుకుని కూచునేవాళ్లు. డ్రైవరు ఓబులేసు బుల్డోజరెక్కి స్టార్టరు నొక్కితే, అది ఒకసారి మూలిగి ఊరుకునేది. పగలంతా డైనమో చార్జి చేసిన బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ.

"హజరత్తయ్య వాడుకున్నాడు" అనేవాళ్లు కూలీలు, రాత్రి మంచు కురిసిందన్నంత మామూలుగా.

ఓబులేసుకు ముందు ఆ బండి నడిపింది హజరత్తయ్యే. కిందటి కార్తీకంలో వరద కట్టను కోసినప్పుడు బండితోసహా ఏట్లో పడినాడు. నీళ్లు తీసినాక బండి దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటినించీ రాత్రిళ్లు వచ్చి, బండి మీది పెద్ద దీపం వేసుకుని ఇసకంతా వెతుక్కునేవాడు. పొద్దుటికి దీపం మెడ ఒకరోజు సముద్రం వైపు, ఇంకోరోజు సరుగుడు తోపు వైపు తిరిగి ఉండేది.

వానలు దగ్గరపడ్డాయి. ఓవర్సీరు చెంచురామయ్య నెల్లూరు నుంచి సమాధానం అనే ఎలక్ట్రీషియనును పిలిపించినాడు.

"ఆయన రావద్దని నేననను. కానీ కట్ట పూర్తికాకపోతే ఈ తూరి వానలకు పల్లెలు మునుగుతాయి. పొద్దున బండి కదలాల" అన్నాడు.

సమాధానం తన పద్ధతిలో తను చూసుకుంటూ వచ్చినాడు. బెల్టును బొటనవేలితో నొక్కి బిగువు చూసినాడు. డైనమో విప్పి బ్రష్షులు తుడిచినాడు. ఇంజను ఆగినాక బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపే కటౌటు పాయింట్లు అంటుకుపోయినాయేమోనని గీకి చూసినాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ఆ సాయంత్రం బ్యాటరీ తీగ ఊడదీసి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

తెల్లారి తీగ తగిలించగానే బండి ఒక్క నొక్కుకే గర్జించింది. కూలీలెవరూ సంతోషించలేదు.

కాసేపటికి హజరత్తయ్య పెండ్లాం మాలకొండమ్మ వచ్చింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. శవం కంటబడనిదే కొడుకు పోయినట్టు ఒప్పుకోనంటుంది అత్త కామమ్మ. దినం చెయ్యనియ్యదు, ఈమెను పుట్టింటికి కదలనియ్యదు. రోజూ మొగుడికి కంచం పెట్టి రాత్రంతా మేలుకోని కాచుకోవడమే మాలకొండమ్మ పని.

"దీపం ఎందుకు పీకేసినావన్నా?" అని అడిగింది. "రాత్రి ఇంటికొచ్చి గడపలో నిలబడినాడు. ఒళ్లంతా తడి ఇసక. కనపడలేదే, కనపడలేదే అంటా ఏడిచినాడు."

"ఏం కనపడలేదంట తల్లీ?"

"ఏముందన్నా. ఆయనకి ఆయనే."

సమాధానం చేతిలోని పనిముట్లు కింద పెట్టినాడు. తరవాత లారీమీద గూడూరు పోయి ఇంకో బ్యాటరీ తెచ్చినాడు. పాతదాన్ని స్టార్టరుకే వదిలేసి, కొత్తదాన్ని పెద్ద దీపానికి కలిపినాడు. పగలు డైనమో రెండిటికీ చాలేట్టు రెగ్యులేటరు స్క్రూ కాస్త తిప్పి, అమ్మీటరు ముల్లు నిలకడగా ఉండేదాకా కదలలేదు. దీపం అద్దానికి పట్టిన ఉప్పు కూడా తుడిచినాడు.

"ఇదెవరికి?" అన్నాడు ఓవర్సీరు.

"ఒకటి మీ పనికి సార్. ఒకటి ఆయన పనికి."



ఆ తరవాత పొద్దున్నే బండి కదిలేది. హజరత్తయ్య బ్యాటరీ మాత్రం ఉత్తదై ఉండేది. సమాధానం అక్కడే ఉండి పగలు డైనమోతో దాన్ని మళ్లీ నింపేవాడు. వానకు ముందు గాలి తిరిగిన రోజున, కూలీలు వచ్చేసరికి దీపం ఇంకా వెలుగుతోంది. ఎండలో పాలిపోయి, మెడ బాగా వంచి, కొత్త కట్ట అడుగునే చూస్తోంది. ఇంకో పూట గడిస్తే అక్కడ మన్ను పోసేవాళ్లే.

ఓబులేసు బండి ఎక్కలేదు. పారలు కూడా పక్కన పెట్టి అందరూ చేతులతోనే తవ్వినారు. ముందు హజరత్తయ్య చేతికుండే వెండి మురుగు బయటపడింది. కామమ్మ దాన్ని పట్టుకుని, కొడుకును పేరుపెట్టి పిలిచి, అక్కడే కూలబడింది. మాలకొండమ్మ ఏడవలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి, మురుగుమీది ఇసక మెల్లగా కడిగింది.

ఆ రాత్రి దీపం వెలగలేదు. తెల్లారి సమాధానం చూస్తే బ్యాటరీ నిండుగా ఉంది.

దినాలు గడిచినాక కామమ్మే కోడలి సంచి సర్దింది. "నా కోసరం ఆగబాకమ్మా. చిల్లకూరులో మీ అన్న కాచుకోని ఉండాడు."

మాలకొండమ్మ మన్ను దించి పోతున్న లారీ ఎక్కింది. సముద్రం వైపు ఒకసారి చూసి, సంచిమీద తల వాల్చింది. దారి పొడవునా గుంటలే. అయినా గూడూరు వచ్చినాక డ్రైవరు పిలిచినా లేవలేదు. అంత నిద్రపోయింది.