తాడు మీద మనిషి ఉండాడు

రంగస్వామి తాడు తెగి పడిపోవడాన్ని సిమెంటు మిల్లు ఆవరణలో ఉన్నవాళ్ళందరూ చూశారు. లారీకి మూటలెక్కిస్తున్న హమాలీలు చూశారు, గేటు దగ్గరి వాచ్‌మన్ చూశాడు, ఆఫీసు అద్దాల వెనక నుంచి మేనేజరు చూశాడు. కింద తాళ్ళు చుట్టుకుంటున్న నేనూ చూశాను. అయినా మర్నాటికల్లా పోలీసు కాగితాల్లో సాక్షి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ కాంట్రాక్టరు రాజమాణిక్కం.

కూలి చేసుకునేవాళ్ళకీ చదువుకునే పిల్లలకీ ఈ సంగతి చెబుతున్నాను కాబట్టి మా పని ఎలాంటిదో ముందు చెప్పాలి. మావాళ్ళు తరతరాలుగా బావులు తవ్వినవాళ్ళు. తమిళనాట కడత్తూరు చుట్టుపక్కల మా తాతలు తాడు పట్టుకుని దిగని మెట్టపొలం లేదు. బోరు యంత్రాలు వచ్చి మా పొట్ట కొట్టాయి. కొన్నేళ్ళు ఇళ్ళ పునాదులు తవ్వుకుంటూ ఎలాగో బతికాం. రెండువేల ఆరులో సేలం నుంచి రాజమాణిక్కం వచ్చాడు. తాడంటే భయంలేని మనుషులు అతనికి కావాలి. నెత్తిన హెల్మెట్, నడుముకు బెల్టు పెట్టి, నాలుగు రోజులు ఏదో నేర్పించి, మమ్మల్ని టెక్నీషియన్లని పిలిచాడు. పేరు మాత్రం ఘనంగా ఉంది. పని మాత్రం గాలిలో వేలాడుతూ పొగగొట్టాలనూ, సిమెంటు నిలవచేసే కాంక్రీటు గోపురాలనూ సుత్తితో తట్టి చూడటం. లోపల పగులు ఉన్నచోట గోడ బోలుగా మోగుతుంది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి.

దిగేవాడికి రెండు తాళ్ళు. ఒకటి పైన ఇనుప దూలానికి కట్టి ఉంటుంది, దాని మీద దిగుతాడు. రెండోది పైన ఒక మనిషి చేతుల్లో ఉంటుంది. మొదటిది తెగితే ఆ చేతులే దిక్కు. అవి ఎవరి చేతులై ఉండాలో బావుల కాలంలోనే మావాళ్ళు తేల్చేశారు. పెళ్ళాం అన్నో తమ్ముడో పట్టాలి. సొంత అన్నదమ్ములకు ఇంటి వాటా తగాదా ఉండవచ్చు, బావమరిది మాత్రం తోబుట్టువు తాళి తెగనివ్వడని నమ్మకం. రంగస్వామి తాడు పట్టేది అతని భార్య పచ్చయమ్మాళ్ తమ్ముడు మాదేశ్వరన్. బావమరిదిని అక్కడివాళ్ళలాగే మేమూ మచ్చాన్ అంటాం.

ఆ రోజు రంగస్వామి తాడు మీద ఉండగా గోపురం కప్పు మీదికి రాజమాణిక్కం వచ్చాడు. పక్క గోపురానికి సామాను చేరవేయాలి, మనుషులు చాలలేదు. చాలినంత మందిని పెడితే అతనికి మిగిలేది తగ్గుతుంది కదా!

"ఆ తాడు కమ్మీకి కట్టేసి రా," అన్నాడు మాదేశ్వరన్‌తో.

"బావ కింద ఉండాడు సార్. ఎక్కినాంక వస్తాను."

"కమ్మీ పట్టుకోదా? ఇప్పుడు రాకపోతే రేపటినుంచి నువ్వూ వద్దు, మీ బావా వద్దు."

మాదేశ్వరన్ వంగి అరిచాడు. "బావా! పొమ్మంటాండాడు. ఏం చేసేది?"

"కట్టేసి పో మచ్చాన్. ఉండే పని కూడా పోగొట్టుకుంటామా?"

ఈ కేకలు కింద మేమందరం విన్నాం. కప్పు అంచున ఉన్న ఆ కమ్మీ వాన నీళ్ళకూ సిమెంటు దుమ్ముకూ తుప్పు పట్టిపోయిన గొట్టమని మాకు తెలియదు. ఆషాఢం, అక్కడి ఆడి నెల గాలి వీస్తోంది. అంచున తాడు ఒరుసుకోకుండా వేసిన గోనెసంచి జరిగిపోయింది. సరిచేసేవాడు పైన లేడు. మొదటి తాడు తెగింది. రెండోది కమ్మీని మొదలంటా పెకలించుకుని వచ్చింది.

మాదేశ్వరన్ బీడీ తాగడానికి తాడు వదిలేసి పోయాడని రాజమాణిక్కం చెప్పాడు. పోలీసులు రాసుకున్నారు. అంతవరకూ మాకు ఆశ్చర్యం లేదు. కానీ మావాళ్ళే నమ్మారు! కేకలు చెవులారా విన్నవాళ్ళు కూడా, ఎవరు పిలిస్తే మాత్రం బావమరిది తాడెలా వదులుతాడని గొణిగారు. శవాన్ని మొయ్యబోతే మాదేశ్వరన్‌ని నెట్టేశారు. మా కట్టుబాటు కాంట్రాక్టరుకు బాగా తెలుసు. దాన్నే మా మెడకు బిగించాడు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

తర్వాత అతను పచ్చయమ్మాళ్ ఇంటికి వచ్చాడు. తమ్ముడి మీద ఆమే ఫిర్యాదు ఇస్తే కంపెనీ నష్టపరిహారం ఇప్పిస్తానన్నాడు. ఇవ్వకపోతే కోర్టు చుట్టూ తిరిగి తిరిగి ముసలిదానివైపోతావన్నాడు. ఆమె వేలిముద్ర వేస్తే మాదేశ్వరన్ జైలుకు పోతాడు, రాజమాణిక్కం చేతులు కడుక్కుంటాడు, మేం రేపు మళ్ళీ కమ్మీకి కట్టిన తాళ్ళ మీద వేలాడతాం. సోమవారం దాకా గడువిచ్చి పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం లారీ షెడ్డులో కూర్చున్నాం. మాదేశ్వరన్ గోడవార తలవంచుకుని కూర్చున్నాడు. అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. హమాలీల మేస్త్రీ మునియన్ తన మనుషుల్ని వెంటబెట్టుకుని పిలవకుండానే వచ్చాడు. మా మామ పెద్దసామి అందరికంటే పెద్దవాడు, ఆయనకు కోపం వచ్చింది.

"ఇది మా కులం సంగతి. మీరు ఎందుకు వస్తిరి?"

మునియన్ తమిళంలో అన్నదాన్ని మన మాటలో చెబుతాను. "మూట జారి నా కాలు విరిగితే తప్పు నాది. మీ తాడు తెగితే తప్పు మీ బావమరిదిది. ఈ మిల్లులో మిల్లువాడి తప్పు ఎప్పుడైనా ఉంటుందా పెద్దాయనా? తాడు వదిలినవాణ్ణి పట్టుకున్నారు. వదలమని పిలిచినవాణ్ణి ఒక్కడైనా అడిగారా?"

"తాడు మాది. పట్టేది మేము. మా ఇంటి పరువు."

"అక్కడే చిక్కిపోయారు మీరు. మీ ఇంటి సంగతి అన్నారు కాబట్టే వాడు మీ ఇంట్లోనే దొంగను చూపించాడు."

గోల లేచింది. ఒకడు మునియన్ చొక్కా పట్టుకున్నాడు. హమాలీలు లేచారు. చేతులు కలుస్తాయేమో అనుకునేసరికి పచ్చయమ్మాళ్ మధ్యకు వచ్చి నిలబడింది.

"నా తమ్ముడు తాడు వదల్లేదు. వదిలించినారు. మా ఇంటాయన కూడా కట్టేసి పొమ్మన్నాడు, మీరంతా వింటిరి. పని పోతాదని భయపడి చచ్చినాడు ఆయన. నేను వేలిముద్ర వెయ్యను. నా తమ్ముడి చేతుల మీద మీకు నమ్మకం ఉందా లేదా, అది చెప్పండి."

ఉందని నోటితో అంటే సరిపోయేది కాదు. ఎవడో ఒకడు ఆ చేతుల మీద వేలాడాలి. నాకు భయం వేసింది. నాకూ భార్య ఉంది, ఆమె తమ్ముడు ఎదురుగానే కూర్చున్నాడు.

"రేపు నేను దిగుతాను," అన్నాను. "నా తాడు మాదేశ్వరన్ పట్టాల."

నా బావమరిది ముఖం మాడిపోయింది. మాదేశ్వరన్ మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత మాటలు సులువయ్యాయి. దిగే ప్రతి మనిషికీ పైన ఒక మనిషి. అతనికి వేరే పని లేదు, మిల్లు యజమానే వచ్చి పిలిచినా కదలడు. చుట్టమా కాదా అన్న లెక్క ఇక లేదు. తాడెలా పట్టాలో ఆ సాయంత్రమే హమాలీలకు నేర్పాం. పెద్దసామి మామ దూరంగా నిలబడి చూశాడు. చివరికి ఉండబట్టలేక వచ్చి, "అట్ల కాదురా, చెయ్యి తెగుతాది," అని మునియన్ పిడికిలి తనే సరిచేశాడు.

సోమవారం పొద్దున నేను దిగాను. గాలి నన్ను గోడకేసి కొడుతోంది. మాదేశ్వరన్ తాడు కొద్దికొద్దిగా వదిలే తీరు ఎలా ఉందంటే, పసిబిడ్డను నీళ్ళలోకి దించుతున్నట్టు ఉంది. సగం దూరం దిగేసరికి గేటులోకి జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరూ నలుగురు కానిస్టేబుళ్ళూ మెట్లెక్కారు, వెనకాలే రాజమాణిక్కం. పచ్చయమ్మాళ్ ఫిర్యాదు ఇవ్వకపోయేసరికి తనే ఇచ్చాడు. పై మాటలు గాలికి తెగి తెగి నాకు వినిపించాయి.

"మాదేశ్వరన్ ఎవరు? ఆ తాడు వదిలి రా."

"తాడు మీద మనిషి ఉండాడు సార్."

"కమ్మీకి కట్టేసి రారా!"

"ఒకసారి కట్టినాను సార్."

ఇన్‌స్పెక్టరు అంచుకు వచ్చి నన్ను పైకి రమ్మని కేకేశాడు. నేనెక్కితే తాడు ఖాళీ అవుతుంది, మాదేశ్వరన్ చేతులకు బేడీలు పడతాయి.

"ఎక్కను," అన్నాను. "పిలిచినవాణ్ణి ముందు పట్టుకోండి. అప్పుడు ఎక్కుతాను."

దెబ్బల చప్పుడు వినిపించింది. తాడు ఒక్కసారి వణికింది. వెంటనే తాడు మళ్ళీ బిగిసింది, ఈసారి మొరటుగా, మూట లాగినట్టు. మునియన్ గొంతు వినిపించింది.

"పట్టుకున్నాను తమ్ముడూ! ఉండు!"

మాదేశ్వరన్‌ని మెట్ల మీదుగా ఈడ్చుకుపోయారు. మునియన్‌ని లాగితే నా బావమరిది పట్టాడు. అతన్ని లాగితే ఒక హమాలీ పట్టాడు, అతని పేరు కూడా నాకు తెలియదు. తర్వాత పెద్దసామి మామ. ఒక్కొక్కరినీ లాగేముందు వెనకవాడు తాడు తోక అందుకున్నాడు, ఒక్క క్షణం కూడా అది ఖాళీగా లేదు. మెట్ల మీద మనుషులు కింది దాకా వరసగా నిలబడ్డారు. కిందికి పోయే పోలీసులకు దారి ఇచ్చారు, పైన ఖాళీ అయిన చోటు మాత్రం వెంటనే నింపారు. జీపు నిండిపోయింది. ధర్మపురి దారిలో దుమ్ము రేపుకుంటూ రెండు పోలీసు వ్యాన్లు వస్తున్నాయి. గాలి పెరిగింది. వ్యాన్లలో వచ్చేవాళ్ళు తాడు మీద మనిషి ఉన్నాడని చూడకపోవచ్చు, ఆ సంగతి నాకు తెలుసు.

పెద్దసామి మామను లాగాక తాడు మళ్ళీ చేయి మారింది. ఈసారి పట్టు సన్నగా, జాగ్రత్తగా ఉంది. మాలో ఆడది తాడు ముట్టడం ఎవరూ ఎరగరు.

"అన్నా, నేను," అంది పచ్చయమ్మాళ్. "నాకు ఇది కొత్త. అయినా పట్టినాను."

"ఎక్కి రా! లేకపోతే నీ మీద కూడా కేసు పెడతాను!" ఇన్‌స్పెక్టరు గొంతు చించుకుంటున్నాడు.

నేను తల పైకెత్తి, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఇంకొక బారెడు తాడు ఇయ్యమ్మా. కిందికి పోతాను."

తాడు మెల్లగా, బెత్తెడు బెత్తెడుగా బారెడు వచ్చింది. నేను ఆ బారెడూ దిగి, సుత్తి తీసి గోడ మీద కొట్టడం మొదలుపెట్టాను.