మైకు పట్టుకున్న చెయ్యి

...బండ వాసన రాశావా బిడ్డా? ఎండకు కాలి, సాయంత్రం మెల్లగా ఊపిరి వదిలే బండ. దాన్ని ఆనుకుని ఫిల్మ్ నగర్ వెనక రేకుల చర్చి. సరే, ఇక మైకు సంగతి రాసుకో.

ఆ చర్చిలో ఆడవాళ్ళ చేతికి మైకు ఇవ్వరు.

సాక్ష్యం చెప్పే ఆడవాళ్ళు వేదిక కింద నిలబడతారు. కొంగు తలమీదికి లాక్కుంటారు. మైకు మాత్రం సంఘపెద్ద కమలాకర్ పట్టుకుంటాడు — వాళ్ళ నోటి ముందు. చాలనిపించగానే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

మాట సగంలో ఉంటుంది. చెయ్యి ఉండదు.

నీలమ్మ ఆ చర్చి ఊడ్చింది. రోగుల ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేసింది. సినిమావాళ్ళ బట్టలు ఇస్త్రీ చేయగా మిగిలిన పొద్దంతా దేవుడిదే అంది. శుక్రవారం ఆమె గదిలో మేం ఆడవాళ్ళం చాప మీద కూర్చుంటాం. ఉపవాసం. పాట. ఆ తరువాత... చర్చిలో చెప్పుకోలేనివి.

ఒక శుక్రవారం కమలాకర్ భార్య మంజులత రవికె చెయ్యి పైకి జరిపింది. కమిలిన మోచెయ్యి. చూపించింది, అంతే.

ఆ వారంలోనే పాస్టరయ్య నవ్వుతూ వచ్చాడు.

"నీలమ్మగారూ, ఈ ఆదివారం వాక్యం మీరే చెప్పాలండీ. వేదిక మీద. మైకు మీ చేతికే ఇస్తాం."

గారు... ఎన్నడూ లేని గారు.

బండ మీద తొండ తల ఎత్తింది. గాలి ఆగింది.

"ఇన్నేండ్లు కిందనే నిలవెట్టిన్రు. ఇప్పుడెందుకయ్యా పైకి?"

"దేవుడి ప్రేరేపణమ్మా."

దేవుడిదా? కమలాకర్‌దా?

ఎంత ఇస్త్రీ చేసినా చొక్కా మడత పోలేదు. అనుమానమూ పోలేదు.

ఆదివారం గుమ్మం దగ్గర కమలాకర్ మంచినీళ్ళ గ్లాసు అందించాడు. అదీ కొత్తే.

"అక్కా, చివర్ల ఒక్క ముక్క చెప్పు. శుక్రవారం కూడిక ఇగ నీ ఇంట్ల ఉండదు. గీడనే, పెద్దల ముంగట. నీ నోటితోని చెప్తే ఎవ్వరు బాధపడరు."

అప్పుడు అర్థమైంది. గారు ఎందుకో. వేదిక ఎందుకో.

పెద్దల ముందు మంజులత మోచెయ్యి ఎలా చూపిస్తుంది?

నీలమ్మ నీళ్ళు తాగలేదు. వేదిక ఎక్కింది. మైకు వెచ్చగా ఉంది — ఎవరెవరి ఊపిరో.

"శుక్రవారం కూడిక యాడ జరగాల్నో నేను చెప్పేది కాదు. వచ్చేటోళ్ళు చెప్పాలె."

దిగింది. ఆడవాళ్ళ మధ్యకు నడిచింది. మైకు మంజులత చేతిలో పెట్టింది.

కమలాకర్ లేచాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. పట్టుకున్నాడు కూడా.

మంజులత వదల్లేదు. వేళ్ళు తెల్లబడ్డాయి. అయినా వదల్లేదు.

పెదవులు కదిలాయి — అంతలో మైకు మూగబోయింది. తీగ ఊడిందో, ఊడదీశారో...

పక్కనున్న ఆడవాళ్ళకు మాత్రం వినబడింది.

"నీలమ్మక్క ఇంట్లనే."

పక్కామె అదే అంది. వెనకామె అదే అంది. ఒక్కొక్క నోరూ దాటుకుంటూ ఆ మాట గుమ్మం దాకా వెళ్ళింది.

శుక్రవారం నీలమ్మ చాప పరిచింది. అందరం వచ్చాం.

మంజులత రాలేదు.

"ఆమెకు జర పానం బాగలేదు. తల్లిగారింటికి తోలిచ్చిన," అన్నాడు కమలాకర్, వీధిలో ఎదురై. నీలమ్మ అడగకముందే అన్నాడు.

అడగకముందే ఎందుకు?

"ఏ ఊరు?" అంది నీలమ్మ.

అతను నడక పెంచాడు.

మంజులత ఫోన్‌కి చేస్తే మోగుతుంది. ఎవరో ఎత్తుతారు. ఊపిరి వినబడుతుంది... పెట్టేస్తారు.

పొద్దు గుంకినా బండ చల్లబడలేదు.

బిడ్డా, ఇది మంజులతకు ఫోన్‌లో చదివి వినిపించు. అవతల ఎవరు ఎత్తినా ఆపకు. ఆమె గొంతు వినబడే దాకా చదువు.