పిలిస్తే వచ్చేవాడు

గిన్నె చప్పుడుకు మేస్త్రి రాలేదు.

మునీశ్వరి మళ్లీ గిన్నె కొట్టింది. పాలు పోసి కలిపిన సంకటి చల్లారిపోతోంది. మోటారు గది పక్కన, గోడకేసి ముఖం పెట్టి పడుకుంది ఆ కుక్క. ఒక చెవి కదిలింది. అంతే.

టమోటా కోతలప్పుడు కూలీల ముందు గట్ల మీద తిరుగుతూ పెత్తనం చేసేది. అందుకే దానికి మేస్త్రి అని పేరు పడింది. ఇప్పుడు వెనక కాళ్లు లేవవు. లేచినా కూలబడుతుంది. తోక ఊపడం ఎప్పుడో మానేసింది.

"ముసిలోడైపాయ. ఇంక వానికి పించనీ ఇప్పించల్ల," అన్నాడు ఆమె మొగుడు వెంకటేశులు, డ్రిప్పు పైపు సరిచేస్తూ.

"నీకు మోకాలు పట్టేసినప్పుడు ఊరంతా వినబడేట్టు అరిసినావు మామా. వానికి నోరు లేదు, అంతే కదా తేడా."

మర్నాడు పొద్దున్నే మార్కెట్టుకు పోయే ఆటోలో, టమోటా క్రేట్ల మధ్య ఇరుక్కుని, మేస్త్రిని ఒళ్లో పెట్టుకుని మదనపల్లె పశువుల డాక్టరు దగ్గరికి పోయింది మునీశ్వరి. పుంగనూరు దాటేదాకా డ్రైవరు నవ్వుతూనే ఉన్నాడు.

డాక్టరు శాలిని కుక్కను నడుము నుంచి పాదాల దాకా నొక్కి చూసింది.

"కీళ్లు అరిగాయక్కా. ఆ దిగులు కూడా నొప్పి వల్లే. ఈ మాత్రలు నేను చెప్పినట్టే వెయ్యి. మీరు వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం వద్దు, ప్రాణం మీదికొస్తుంది. మెత్తగా పక్క వెయ్యి. వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టు. రోజూ కాస్త దూరం మెల్లగా నడిపించు. మాట్లాడుతూ ఉండు."

"కుక్కతోనా?"

"నువ్వు నోరు తెరిచినప్పుడల్లా నీ వైపే చూస్తోంది, గమనించలేదా?"

మునీశ్వరి మాట్లాడింది. గోనెసంచుల మీద దుప్పటి పరిచి, కాపడం పెడుతూ ఊళ్లోవాళ్ల మీద చాడీలన్నీ దానికే చెప్పింది. "రారా మేస్త్రీ, రా నాయనా" అంటూ ముందు గడప నుంచి గేటు దాకా, తర్వాత గేటు నుంచి గట్టు దాకా నడిపించింది. ఒకరోజు ఆమె పిలుపు వినగానే అదే లేచి వచ్చింది. తోక ఊగింది.

అప్పుడే టమోటా రేటు ఎగిరింది. పక్క తోటలో కాయలు ఎవరో కోసుకుపోయారు. వెంకటేశులు కళ్లు మేస్త్రి మీద పడ్డాయి.

"ఇట్ల నిదానంగా ఐతే యాడికి? కాయంతా అయిపోయినాక లేసి కాపలా కాస్తాడా?"

"డాక్టరమ్మ తొందర పడొద్దనింది మామా."

అతను గట్టెక్కి పక్క తోట వైపు చూశాడు.

కుప్పంలో చెల్లెలు ఇందు సీమంతం. మునీశ్వరి వెళ్లక తప్పలేదు. అక్కడ గాజులు తొడిగే సందడిలో ఉండగా ఫోను మోగింది.

"వాడు మోటారు గది మూలకి దూరుకోనుండాడు. నేను పోతే గుర్రంటాండాడు," అన్నాడు వెంకటేశులు. "స్పీకరు పెడతా. నువ్వొకసారి పిలువు."

ఆమె పెరట్లోకి పరిగెత్తింది.

"రారా మేస్త్రీ! యాల అలిగినావు? నేను వచ్చేస్తాండాను కదా. రా నాయనా!"

ఫోనులో గోళ్ల చప్పుడు. సిమెంటు నేల మీద గీసుకుంటూ దగ్గరవుతోంది.

"వచ్చినాడు, వచ్చినాడు," అన్నాడతను. ఫోను కట్టయింది.

మునీశ్వరి నవ్వుకుంటూ లోపలికొచ్చి అందరికీ చెప్పింది. "నా గొంతు వింటే సాలు వానికి."

తిరిగొచ్చిన రోజు గేటు దగ్గరే బ్యాగు దించి పిలిచింది. "మేస్త్రీ! రారా నాయనా!"

దుప్పటి మీద పడుకున్న కుక్క తల ఎత్తింది. మరుక్షణం లేచింది. తోక కాళ్ల మధ్య ఇరికించుకుని, పడుతూ లేస్తూ మోటారు గది వెనక్కి ఉరికింది.

మునీశ్వరి వెంట పోయి చూసింది. తొడల మీద, రెండు వైపులా, కాలిన చారలు. పచ్చిగా ఉన్నాయి. ఈగలు ముసురుతున్నాయి.

"ఎవరు సేసినారు మామా ఇది?"

"వాతలు," అన్నాడు వెంకటేశులు, దాచవలసిందేమీ లేనట్టు. "ఎద్దు కుంటితే మా నాయన కాలం నుంచీ ఇదే కదా మందు. బి.కొత్తకోట నుంచి వాతలు పెట్టే ముద్దుకృష్ణప్పను పిలిపిస్తి. కడ్డీ ఎర్రగా కాల్చినాడు. ఆ మనిషిని సూసి వీడు లోపలికి దూరుకొన్యాడు. నువ్వు పిలిస్తేనే బయటికొచ్చె. వచ్చినోన్ని వచ్చినట్టే అదిమి పట్టుకొంటిమి."

మునీశ్వరి కొంగుతో ఈగలను తోలింది.

"సూసినావు కదా ఇప్పుడు ఎట్ల పరిగెత్తినాడో!" అతని ముఖం వెలిగిపోతోంది. "మాత్రలు పనిచేసినాయా, వాత పనిచేసిందా? నువ్వే సెప్పు."

ఆమె నోరు తెరిచింది. గది వెనక కుక్క వణికి, గోడకు ఇంకా అంటుకుపోయింది. ఆమె నోరు మూసుకుంది.

శాలినికి ఫోను చెయ్యడానికి గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. తన గొంతు వినబడనంత దూరం పోయాక గానీ నంబరు నొక్కలేదు.

డాక్టరు చెప్పిన పూత మందు ఆటోలో వచ్చింది. ఆమె దాన్ని కొంగులో పెట్టుకుని, సంకటి గిన్నెను చప్పుడు కాకుండా నేల మీద ఉంచి, దూరంగా వీపు తిప్పి కూచుంది. వెనక నుంచి ఒక్క అలికిడి కూడా లేదు.

వసారాలోంచి వెంకటేశులు కేకేశాడు.

"ఏమే, నోరు పడిపోయిందా? పిలువు, వస్తాడు!"