సోమవారం వణుకు

“నీకు క్లచ్ తొక్కడం రాదని నేననలేదే,” అన్నారు మా ఆయన మూడోసారి. “కారుకి వయసైపోయిందన్నాను, అంతే.”

“పోయిన ఆదివారం తప్పంతా నా కాలిదన్నారు. ఇవాళ దాని వయసుదంటున్నారు. వచ్చే వారం ఎవరి వంతో.”

“నా వంతేలే,” అంది అత్తయ్య, బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తూ. “ఈ ఇంట్లో ఏది చెడినా చివరికి నా దగ్గరికే వస్తుంది.”

ఆర్నెల్లుగా ఇదే గొడవ. పొద్దున్నే తాళం తిప్పితే ఇంజను దగ్గుతుంది, చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా వణుకుతుంది, నాలుగు వీధులు దాటాక సర్దుకుంటుంది. బ్యాటరీ మార్చాం, పెట్రోలు పోయించే బంకు మార్చాం. మెకానిక్ చూసి ఏమీ లేదన్నాడు. దాంతో అందరి చూపూ నా కాళ్ళ మీద పడింది.

నేను కర్టెన్లు కుడతాను. బట్ట చుట్టలు, రాడ్లు వెనక సీట్లో వేసుకుని ఇళ్ళకి వెళ్ళి బిగించి వస్తాను. నలభై ఒకటో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను, అదీ ఈ కారులోనే. మా ఆయన కొందామంటున్న పెద్ద బండిని మా సందులోంచి వెనక్కి తియ్యడం నా వల్లయ్యే పని కాదు. ఇది పోతే మళ్ళీ రాడ్లు భుజాన పెట్టుకుని అద్దె బండి కోసం గుమ్మంలో నిలబడాలి. ఈ కారు కొనేవాడు మంగళవారం సాయంత్రం వస్తానన్నాడు.

కారు మామయ్యగారి పేరు మీద ఉంది. ఆయన బస్ డిపోలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. అమ్మకం మాట ఎత్తినప్పుడల్లా “మీ ఇష్టం” అని బయటికి పోయి దాన్ని కడుక్కునేవారు. ఇప్పుడూ కింద పైపు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆర్డర్లు చూసుకుందామని గోడ మీది క్యాలెండర్ తీశాను. ఎవరింటికి ఎప్పుడు వెళ్ళాలో అందులోనే రాసుకుంటాను. కారు వణికిన రోజున, ఆ ఆర్డరుకి ఆలస్యమైందని గుర్తుకి, పక్కన ఒక వంకర గీత పెట్టడం అలవాటు. పేజీలు వెనక్కి తిప్పాను. వంకర గీతలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. సోమవారం పెద్దది, మంగళవారం చిన్నది, గురువారం దాటాక ఒక్కటీ లేదు.

మా ఆయనకి శని, ఆదివారాలు సెలవు. ఆదివారం మెకానిక్ షెడ్డు ఉండదు, కారు తీసుకెళ్ళేది శనివారమే. ఆ రోజున అది హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లాడిలా బుద్ధిగా ఉండేది.

సోమవారం పొద్దున్నే, వణుకుతున్నదాన్ని వణుకుతున్నట్టే, రెండు వీధుల అవతలున్న షెడ్డుకి తోలుకెళ్ళాను. అక్కడి మెకానిక్‌ని అందరూ డాక్టరంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు.

“ఇంతకాలం బాగున్నప్పుడు చూపించి, ఇవాళ తెచ్చారా జబ్బు,” అన్నాడు నవ్వుతూ.

ఇంజను నడుస్తూండగానే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు ఒక్కొక్కదానికీ కరెంటు ఆపి చూశాడు. ఒకటి ఆపితే వణుకు ఎక్కువైంది. రెండోదీ అంతే. మూడోది ఆపితే ఏ మార్పూ లేదు.

“ఇదిగో, పని ఎగ్గొడుతున్నవాడు దొరికాడు. ఉన్నా లేనట్టే.”

ఇంజను ఆపి, ప్లగ్గు మీది రబ్బరు తొడుగు లాగి, ఆ గుంతలోకి టార్చి వేశాడు. నన్నూ వంగి చూడమన్నాడు. అడుగున నీళ్ళు తళతళలాడుతున్నాయి.

“అమ్మా, ఇంజను ఎవరైనా కడుగుతున్నారా?”

నాకు పైపు చప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం పడ్డ నీళ్ళు గురువారానికి ఆరుతున్నాయన్నమాట. “అంటే... ఇల్లన్నాక కడుగుతాం కదా,” అన్నాను.

“ఇల్లు కడుక్కోండమ్మా, వద్దన్నానా. దీని మీద నల్లటి ప్లాస్టిక్ మూత ఉండాలే, ఏమైంది?”

అదీ గుర్తొచ్చింది. మా బాల్కనీలో, అత్తయ్య మొక్కల కుండీల కింద పళ్ళెంలా వెల్లకిలా పడి ఉంది. ఇంజనుకి మూతేమిటి, ఊపిరాడద్దా అని ఆర్నెల్ల కిందట మామయ్యగారే పీకేశారు.

డాక్టరు గాలి కొట్టి గుంత ఆరబెట్టాడు. ప్లగ్గూ రబ్బరు తొడుగూ కొత్తవి వేశాడు. తాళం తిప్పితే చడీచప్పుడు లేకుండా అందుకుంది. తుప్పుపట్టిన పాత ప్లగ్గుని రుమాల్లో చుట్టుకుని ఇంటికొచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. చెప్పకపోతే కారు పోతుంది. నలుగురిలో చెప్తే, చేతిలో పైపు పట్టుకుని ఈల వేసుకునే ఆ మనిషి మొహం ఏమవుతుంది?

మామయ్యగారు గేటు దగ్గర ఒక్కరే ఉన్నారు. రుమాలు విప్పి చూపించి, జరిగింది మెల్లగా చెప్పాను.

ఆయన ప్లగ్గుని అటూ ఇటూ తిప్పి చూశారు. “మా బస్సులన్నీ డీజిల్ అమ్మాయ్. వాటికి ప్లగ్గులుండవు. ఎంత కడిగినా తుమ్మేవి కావు.” తుప్పు గోటితో గీకి, “మీ ఆయనకి చెప్పావా?” అన్నారు.

“లేదు మామయ్యా. ప్లగ్గు పాడైంది, మార్చారు అంటే చాలు.”

ఆయన ప్లగ్గు జేబులో వేసుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. “రేపు కొనే ఆయన వస్తే, బండి కాస్త వేడెక్కాక చూపిద్దాం.”

మామయ్యగారు జేబులోంచి ప్లగ్గు తీసి కంచం పక్కన పెట్టారు.

“అదేమిటి, అన్నం దగ్గర ఇనుము,” అంది అత్తయ్య.

“నా నిర్వాకం,” అన్నారాయన. “మూత పీకి, ఆర్నెల్లు ఇంజనుకి నీళ్ళు పోసి పెంచాను. కోడలి కాలిది తప్పేం లేదు.” మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టారు. “వచ్చే ఆయన్ని రావద్దని చెప్పేశాను. కారు అమ్మడం లేదు. తాళాలు రెండూ అమ్మాయి దగ్గరే ఉంటాయి. ఆదివారం నేను కడుగుతాను గానీ, బానెట్ తెరవను.”

మా ఆయన నా కాళ్ళ వైపు ఒకసారి చూసి, పెరుగు గిన్నె నా వైపు జరిపారు. అత్తయ్య మాత్రం లేచి, ఆ మూత మీది కుండీలు దింపడానికి బాల్కనీలోకి వెళ్ళింది.